ఫైబర్ అలైన్‌మెంట్: బరంపురం నుంచి జయపురం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఫైబర్ పని చేసేవాళ్లలో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఫైబర్ గాజు పోగుల కొనలను వరసలో పెట్టి (అదే అలైన్‌మెంట్), కరిగించి అతికించే స్ప్లైసింగ్ మెషిన్ పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. ట్రైనింగ్ హిందీలోనో ఒడియాలోనో జరుగుతుంది. డౌట్ మాత్రం సైట్ మీద నిలబడ్డప్పుడు తెలుగులోనే వస్తుంది. అవే డౌట్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాను. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను. ఎక్కడ తెరిచి చదివినా ఆ జవాబు దానికదే పూర్తిగా ఉంటుంది. లాస్ అంటే దారిలో తగ్గిపోయే కాంతి, దాన్ని డీబీల్లో (డెసిబెల్) కొలుస్తారు. వేరే చెప్పని చోట లాస్ లెక్కలన్నీ మామూలు సింగిల్ మోడ్ ఫైబర్‌కు (కాంతికి ఒకే సన్నని దారి ఉండేది), 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరివి.

## అసలు సంగతి

రెండు గాజు పోగులు ఎదురెదురుగా పెట్టి అతికిస్తే చాలదా? అలైన్‌మెంట్ అని ఇంత గొడవ ఎందుకు?

పైనున్న ప్లాస్టిక్ కోటింగ్ తీశాక మనకు కనిపించే గాజు 125 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), తలవెంట్రుక కంటే కాస్త లావు. కాంతి నడిచేది దాని నడుమ ఉన్న సుమారు 9 మైక్రాన్ల దారిలో, అంటే కోర్‌లో. అతికించాల్సింది ఆ దారిని, బయటి గాజును కాదు. ఒక దారి రెండోదాని నుంచి ఒక మైక్రాన్ పక్కకు జరిగితే లాస్ సుమారు 0.2 డీబీ. రెండు మైక్రాన్లు జరిగితే 0.4 కాదు, 0.8. జరుగుడు రెట్టింపైతే లాస్ నాలుగింతలవుతుంది. అదే అర మైక్రాన్‌లో ఆపగలిగితే 0.05 దగ్గర ఉంటుంది. మంచి జాయింట్‌కూ పనికిరాని జాయింట్‌కూ మధ్య తేడా ఒకటిన్నర మైక్రాన్లే. కంటితో చూసి ఇది బాగుంది, అది బాగోలేదు అని చెప్పడం ఎవరివల్లా కాదు.

అన్నా, 0.1 డీబీ అంటే ఏమంత? దానికోసం మళ్లీ కోసి మళ్లీ కలపాలా?

1550 నానోమీటర్ల దగ్గర ఇప్పటి ఫైబర్ కిలోమీటరుకు సుమారు 0.2 డీబీ తింటుంది. అంటే 0.1 డీబీ జాయింట్ అర కిలోమీటరు ఫైబర్ తిన్నంత తింటుంది. పాతరోజుల్లో ఇది లెక్కలోకి వచ్చేది కాదు. 1966లో చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ కలిసి గాజు పోగులో కబురు పంపొచ్చని రాసినప్పుడు వాళ్లు పెట్టుకున్న గురి కిలోమీటరుకు 20 డీబీ. 1970లో కార్నింగ్ కంపెనీ శాస్త్రజ్ఞులు దాన్ని అందుకున్నారు. గాజే అంత తినే రోజుల్లో జాయింట్ తినేది ఎవరికి పట్టింది? ఇప్పుడు గాజు అంత శుభ్రంగా తయారైంది కాబట్టి తప్పంతా జాయింట్ల దగ్గరే తేలుతోంది. మెయిన్ లైన్‌లో 0.1 దాటితే మళ్లీ చేయమనే నేను చెప్తాను. ఇంటికెళ్లే డ్రాప్ వైరు అయితే ఆ లైన్ ఇంకా ఎంత లాస్ భరించగలదో చూసి నిర్ణయించుకోండి.

కోర్ పెద్దగా ఉండే ఫైబర్ వాడితే ఈ బాధ ఉండదు కదా?

ఉండదు. మల్టీమోడ్ కోర్ 50 లేదా 62.5 మైక్రాన్లు, రెండు మూడు మైక్రాన్లు తప్పినా పెద్దగా తెలియదు. కానీ వెడల్పు దారిలో కాంతి రకరకాల మార్గాల్లో పోయి వేర్వేరు సమయాల్లో చేరుతుంది, దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ చెదిరిపోతుంది. అందుకే అది ఒక భవనంలోనో క్యాంపస్‌లోనో వందల మీటర్ల వరకే. ఊరి నుంచి ఊరికి సింగిల్ మోడ్ తప్ప దారి లేదు.

అలైన్‌మెంట్ తప్పడం అంటే పక్కకు జరగడం ఒక్కటేనా?

మూడు రకాలు. పక్కకు జరగడం అన్నిటికంటే ఖరీదైనది. రెండోది వంపు: రెండు ఫైబర్ల గీతలు ఒకే వరసలో కాక ఒక డిగ్రీ కోణంలో కలిస్తే సుమారు 0.3 డీబీ పోతుంది. మూడోది మధ్యలో ఖాళీ. ఇది చాలా మంది భయపడేంత కాదు: 10 మైక్రాన్ల ఖాళీవల్ల కాంతి విచ్చుకుని పోయేది 0.05 డీబీ కంటే తక్కువ. అదే 10 మైక్రాన్లు పక్కకు జరిగితే 20 డీబీ, అంటే నూటికి ఒక వంతు కాంతి కూడా అవతలికి చేరదు. అయితే ఖాళీలో గాలి ఉంటే ఒక్కో గాజు అంచు దగ్గర మూడున్నర శాతం కాంతి వెనక్కి తిరుగుతుంది. రెండు అంచులకూ కలిపి 0.3 డీబీ అదనం, పైగా ఆ వెనక్కొచ్చే కాంతి లేజర్‌ను ఇబ్బంది పెడుతుంది.

## కోటింగ్ తీసి, తుడిచి, కోసేదాకా

అలైన్‌మెంట్ మెషినే చేసుకుంటుంది కదా, ఇక నా చేతిలో ఏముంది?

దాదాపు అంతా మీ చేతిలోనే ఉంది. మెషిన్ మోటార్లు మైక్రాన్‌లో చిన్న భాగం కొద్దీ జరపగలవు. కానీ అవి జరిపేది మీరు కోసి పెట్టిన కొనని. కొన వాలుగా తెగినా, అంచున పెచ్చు లేచినా, కేబుల్ జెల్లీ కాస్త అంటుకుని ఉన్నా, ఎంత ఖరీదైన మెషిన్ అయినా దాన్ని బాగు చెయ్యలేదు. కొత్త కుర్రాళ్లు స్క్రీన్ వైపు చూసినంత శ్రద్ధగా ఫైబర్ కోసే క్లీవర్ వైపు చూడరు. జాయింట్ బాగా రాలేదని నా దగ్గరికి వచ్చినవాళ్లను నేను మొదట అడిగేది మెషిన్ మోడల్ కాదు. బ్లేడు ఎప్పుడు తిప్పారు, దేనితో తుడుస్తున్నారు అనే రెండు ప్రశ్నలే అడుగుతాను.

ఐసోప్రొపైల్ దొరక్కపోతే చేతులకు రాసుకునే శానిటైజర్‌తో తుడవొచ్చా?

వద్దు. శానిటైజర్‌లో నీళ్లు ఉంటాయి, చర్మం ఎండిపోకుండా గ్లిజరిన్ లాంటివి కలుపుతారు. ఆవిరయ్యాక అది గాజు మీద పొరలా మిగులుతుంది, ఆర్క్ (మెషిన్‌లో కొనలను కరిగించే కరెంటు మెరుపు) కింద కాలి బుడగ అవుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. చిన్న ఊళ్లలో దొరకదు కాబట్టి బరంపురంలోనో విశాఖలోనో కొన్నప్పుడే ఎక్కువ తెచ్చి పెట్టుకోండి. సీసా మూత గట్టిగా బిగించాలి, అది గాలిలోని తేమను లాక్కుంటుంది. తుడిచే కాగితం పీచు రాలనిదై ఉండాలి. పాత లుంగీ గుడ్డ, టిష్యూ పేపరు పనికిరావు.

తుడిచి కోయాలా, కోసి తుడవాలా?

తుడిచి కోయాలి. కోశాక కొనను దేనికీ తగలనివ్వకుండా నేరుగా మెషిన్‌లోని వీ గ్రూవ్ అనే గాడిలో పెట్టాలి. కోశాక తుడిస్తే అంచు చెదురుతుంది, పీచు అంటుకుంటుంది. రెండుసార్లు తుడవండి, రెండోసారి గాజు కిర్రుమని శబ్దం చేస్తే శుభ్రమైనట్టు.

క్లీవ్ యాంగిల్ ఎంత వరకు పర్వాలేదు? మా మెషిన్ 2 డిగ్రీలు వచ్చినా ఒప్పుకుంటోంది.

మెషిన్ ఒప్పుకుంటున్నది దాని సెట్టింగ్‌లో హద్దు అలా ఉంది కాబట్టి. మెనూలోకి వెళ్లి హద్దు 1 డిగ్రీకి తగ్గించండి. మంచి బ్లేడుతో 0.5 లోపలే వస్తుంది. రెండు కొనలూ వాలుగా ఉంటే మధ్యలో ఒక పక్క సందు, ఒక పక్క తాకిడి ఏర్పడతాయి. గాజు కరిగి ఆ సందు నిండేటప్పుడు కోర్ కూడా అటు వంగుతుంది. కలిసేముందు ఎంత సూటిగా పెట్టినా, కలిసాక ఆ వంపు అలాగే గడ్డకడుతుంది.

బ్లేడు ఎప్పుడు తిప్పాలి?

చాలా క్లీవర్ల బ్లేడు అంచుకు 16 స్థానాలుంటాయి, ఒక్కోటి సుమారు 3000 కోతలకు సరిపోతుందని తయారీదారులు చెప్తారు. అది శుభ్రమైన గదిలో లెక్క. రోడ్డు పక్క దుమ్ములో అంత రాదు. అంకె కోసం ఎదురుచూడకండి: వరుసగా మూడు నాలుగు కోతల్లో యాంగిల్ పెరిగినా, స్క్రీన్ మీద అంచు పెచ్చులా కనిపించినా, ముందు బ్లేడునూ రబ్బరు ప్యాడ్లనూ ఆల్కహాల్‌తో తుడవండి. అప్పటికీ మారకపోతే ఒక స్థానం తిప్పండి.

మా హెల్పర్ ఒడియా కుర్రాడు. రంగులు చెప్పుకోవడంలో తేడా వచ్చి వేరే ఫైబర్లు కలిపేస్తున్నాం.

రంగు పేరు మానేసి నంబరు చెప్పుకోండి. వరుస ఇది: నీలం 1, నారింజ 2, ఆకుపచ్చ 3, గోధుమ 4, బూడిద 5, తెలుపు 6, ఎరుపు 7, నలుపు 8, పసుపు 9, ఊదా 10, గులాబీ 11, లేత నీలం 12. జాయింట్లు ఉంచే క్లోజర్ పెట్టె మూత లోపల రంగు ముక్కలు అతికించి పక్కన అంకె రాసిపెట్టండి. బూడిద, తెలుపు రెండూ దీపం వెలుతురులో ఒకేలా కనిపిస్తాయి, రాత్రి పనిలో వాటి దగ్గర ఒక్క క్షణం ఆగండి.

కోసిన ముక్కలు ఎక్కడ వేయాలి?

మూత ఉన్న డబ్బాలో. చర్మంలో దిగితే కనపడవు, విరిగి లోపలే ఉండిపోతాయి. పని చేసే చోట అన్నం తినొద్దు, కళ్లు నలుపుకోవద్దు. టేబుల్ మీదవి టేప్ అద్ది తీయండి.

## మెషిన్‌లో పెట్టాక

కోర్ అలైన్‌మెంట్ మెషిన్‌కూ క్లాడ్ అలైన్‌మెంట్ మెషిన్‌కూ ధరలో అంత తేడా ఉంది. మాకు ఏది చాలు?

క్లాడ్ అలైన్‌మెంట్ మెషిన్ బయటి గాజును చూసి వరసలో పెడుతుంది. బయటి గాజు మధ్యలో కోర్ సరిగ్గా కేంద్రంలో ఉంటే దానితోనే పని అయిపోతుంది. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ పెట్టిన జీ.652 ప్రమాణం ప్రకారం కోర్ కేంద్రం నుంచి 0.6 మైక్రాన్ దాటి పక్కకు ఉండకూడదు. మంచి ఫైబర్లలో అంతకంటే చాలా తక్కువే. కానీ చెడ్డ సందర్భం ఊహించండి: రెండు ఫైబర్లలోనూ కోర్ 0.6 పక్కకు ఉంది, పైగా ఎదురెదురు దిక్కులకు పడింది. బయట చూస్తే పర్ఫెక్ట్, లోపల 1.2 మైక్రాన్ల తేడా, లాస్ 0.3 డీబీ. కోర్ అలైన్‌మెంట్ మెషిన్ దీన్ని పట్టుకుంటుంది, క్లాడ్ మెషిన్ పట్టుకోలేదు.

ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చేవాళ్లకు క్లాడ్ మెషిన్ చాలు. జిల్లా కేంద్రం నుంచి బ్లాక్‌కు, పంచాయతీకి పోయే లైన్లు పట్టేవాళ్లు, ముఖ్యంగా పాత కేబుల్‌కు కొత్త కేబుల్ కలిపేవాళ్లు కోర్ మెషినే తీసుకోవాలి. పాత కేబుల్‌లో ఫైబర్ ఏ కాలందో, ఎవరు తయారు చేశారో మనకు తెలియదు. 12 ఫైబర్ల రిబ్బన్‌ను ఒకేసారి అతికించే మెషిన్లు మాత్రం ఒక్కో ఫైబర్‌ను విడిగా జరపలేవు, అవన్నీ క్లాడ్ మీదే ఆధారపడతాయి.

గాజు లోపల కోర్ కూడా గాజే కదా, మెషిన్‌కు ఎలా కనిపిస్తుంది?

కోర్‌కూ బయటి గాజుకూ వక్రీభవన గుణకంలో మూడో వంతు శాతం దాకా తేడా ఉంటుంది. పక్క నుంచి దీపం వేస్తే ఆ కాస్త తేడాకే కాంతి వేరుగా వంగి, మధ్యలో సన్నని గీత కనిపిస్తుంది. ఇలా ఒకదానికొకటి లంబంగా రెండు వైపుల నుంచి కెమెరాతో చూసి, ఆ గీతలు కలిసేదాకా మోటార్లు జరుపుతాయి. అందుకే కెమెరా లెన్స్, అద్దం, దీపం మీద వేలిముద్ర పడినా మెషిన్ తప్పుడు గీతను పట్టుకుంటుంది.

మెషిన్ 0.00 చూపించింది, ఓటీడీఆర్‌లో 0.15 వచ్చింది. ఏది నిజం?

ఓటీడీఆర్ (ఫైబర్‌లోకి కాంతి కొట్టి, వెనక్కొచ్చేదాన్ని బట్టి లాస్ చూపే పరికరం) కూడా ఒక వైపు నుంచే కొడితే పూర్తి నిజం చెప్పదు. కానీ మెషిన్ చూపించే అంకె అసలు కొలతే కాదు, అంచనా. అతికాక ఫొటో తీసి, కోర్ గీత ఎంత వంగింది, ఎంత జరిగింది అని చూసి లెక్క కట్టిన సంఖ్య అది. కాంతిని లోపలికి పంపి చూడలేదు. కాంతి పంపి చూసే మెషిన్లూ ఉన్నాయి, అవి ఫైబర్‌ను పక్కన కొద్దిగా వంచి కాంతి ఎక్కించి, అవతల వంపు దగ్గర పట్టుకుంటాయి. మన వైపు వాడే వాటిలో ఎక్కువ ఫొటో చూసే రకమే. అంకె చెడ్డగా వస్తే నమ్మండి, మళ్లీ చేయండి. మంచిగా వస్తే క్లోజర్ మూసేముందు పరీక్షించండి. మెషిన్ మెమరీలోని అంచనా అంకెలనే ఫైనల్ రిపోర్టుగా ఇచ్చే పద్ధతి నాకు నచ్చదు. రేపు లైన్ పడిపోయినప్పుడు ఆ కాగితం ఎవరికీ సాయం చెయ్యదు.

స్క్రీన్ మీద కోర్లు సూటిగా కలిశాయి, ఆర్క్ పడగానే పక్కకు జరిగాయి. ఎందుకు?

కరిగిన గాజు తలతన్యత వల్ల. వర్షపు చినుకు గుండ్రమైనట్టే, మెత్తబడిన రెండు కొనలూ తమ బయటి అంచులను ఒకే వరసలోకి లాక్కుంటాయి. మీ ఫైబర్లలో కోర్ కేంద్రంలో లేకపోతే కోర్లు కలిపినప్పుడు బయటి గాజు కాస్త మెట్టులా ఉంటుంది. ఆర్క్‌లో ఆ మెట్టు సర్దుకుంటూ కోర్లను విడదీస్తుంది. మంచి కోర్ మెషిన్లు ఇది ముందే లెక్కేసి, కోర్లను కావాలనే కొంచెం అటువైపు తప్పించి పెడతాయి. అది సరిగ్గా పనిచెయ్యాలంటే ఆర్క్ వేడి సరిగ్గా ఉండాలి. ఆర్క్ బలం ఎక్కువైతే జరుగుడు కూడా ఎక్కువ. కాబట్టి ఇలా మళ్లీ మళ్లీ జరుగుతుంటే మొదట ఆర్క్ క్యాలిబ్రేషన్ (ఆర్క్ బలం సరిచూసుకోవడం) చేయండి, తర్వాత మెనూలో ఫైబర్ రకం సరిగ్గా ఎంచుకున్నారో లేదో చూడండి. సాదా క్లాడ్ మెషిన్లకు మాత్రం ఇదే తలతన్యత మేలు చేస్తుంది, గ్రూవ్‌లోని చిన్న తేడాలను సర్దేస్తుంది.

జాయింట్‌లో బుడగ వస్తోంది, ఒక్కోసారి నడుం సన్నబడుతోంది, ఒక్కోసారి గీత పడుతోంది.

బుడగ అంటే మురికి, లేదా చెడ్డ కోత. నడుం సన్నబడితే ఆర్క్ బలం ఎక్కువ, లేదా కొనలను ఒకదాంట్లోకి ఒకటి తోసే ఓవర్‌ల్యాప్ తక్కువ. లావెక్కితే ఓవర్‌ల్యాప్ ఎక్కువ. నల్లటి గీత పడితే గాజు పూర్తిగా కలవలేదు, ఆర్క్ చాల్లేదు. వేర్వేరు రకాల ఫైబర్లను కలిపినప్పుడు పలచని నిలువు గీత కనిపించడం మామూలే, లాస్ సరిగ్గా ఉంటే దాన్ని వదిలేయండి. ఎలక్ట్రోడ్లు ఎన్ని ఆర్క్‌లు తిన్నాయో కూడా చూడండి. చాలా మెషిన్లలో 3000 నుంచి 5000 మధ్య మార్చాలి, ఎప్పుడూ జతగానే మార్చాలి.

"లిమిట్ ఓవర్" అని వచ్చి ఆగిపోతోంది.

వీ గ్రూవ్‌లో చెత్త. 125 మైక్రాన్ల ఫైబర్ కూర్చునే గాడి అది, కోటింగ్ రేణువు ఒకటి అడుగున ఉన్నా ఫైబర్ లేచి నిలబడుతుంది, మోటారు జరిపే దూరం చాలదు. కోసిన కొత్త ఫైబర్ ముక్కనే గాడిలో నెమ్మదిగా అటూ ఇటూ తిప్పి, ఆల్కహాల్ అద్దిన సన్న పుల్లతో తుడవండి. సూది, పిన్ను పెట్టొద్దు, గాడి గీసుకుపోతే ఇక ఏ ఫైబరూ సరిగ్గా కూర్చోదు.

స్లీవ్ కాల్చాక లాస్ పెరిగింది. అలైన్‌మెంట్ పోయిందా?

అతికిన గాజు కదలదు. పెరిగింది అంటే జాయింట్‌కు తొడిగే స్లీవ్ గొట్టం లోపల ఫైబర్ వంగింది. హీటర్‌లో పెట్టేటప్పుడు రెండు వైపులా కాస్త బిగువుగా, మెలి పడకుండా పట్టుకోండి, స్టీలు కడ్డీ కింద ఉండాలి. 16 మిల్లీమీటర్ల కోతైతే రెండు వైపులా కలిపి 32 మిల్లీమీటర్ల గాజు బయట ఉంటుంది, 60 మిల్లీమీటర్ల స్లీవ్ చెరో వైపు 14 మిల్లీమీటర్లు కోటింగ్ మీదకు రావాలి. 40 స్లీవ్ వాడితే కోత పొడవు 10కి తగ్గించండి. చల్లారక ముందే ట్రేలో బిగించకండి.

## సముద్రం, కొండ, తుఫాను

బరంపురంలో బాగా చేసిన మెషిన్ కోరాపుట్ వెళ్లగానే మొరాయిస్తోంది. దారిలో కుదుపులకు పాడైందా?

చాలాసార్లు పాడవ్వదు, గాలి మారుతుంది. బరంపురం దాదాపు సముద్రమట్టానికి దగ్గర. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి పీడనం పదో వంతు దాకా తక్కువ. ఆర్క్ పుట్టేది గాలిలోనే కాబట్టి పీడనం మారితే ఆర్క్ వేడి కూడా మారుతుంది. పీడనం కొలిచే సెన్సర్ ఉన్న మెషిన్లు కొంత సర్దుకుంటాయి, అయినా ఘాట్ ఎక్కాక ఒకసారి, దిగాక ఒకసారి ఆర్క్ క్యాలిబ్రేషన్ చేయడం మంచిది. అయిదు నిమిషాల పని. అందులో పాత ముక్క ఫైబర్లు పెట్టకుండా బాగా కోసినవి పెట్టండి, లేకపోతే మెషిన్ తప్పుడు లెక్క నేర్చుకుంటుంది.

గోపాలపూర్, ఛత్రపురం వైపు ఉప్పు గాలికి ఏం జాగ్రత్త?

ఉప్పు తేమ ఎలక్ట్రోడ్ కొనల మీద, లెన్స్ మీద పేరుకుంటుంది, ఆర్క్ వణుకుతుంది. రోజూ పని అయ్యాక విండ్ కవర్ మూసి, పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి పెట్టండి. ఏసీ కారులోంచి తీసిన మెషిన్‌ను వెంటనే ఆన్ చెయ్యకండి. చల్లటి లెన్స్ మీద ఆవిరి పడుతుంది, కోర్ గీత మసకబారుతుంది. పెట్టె మూసే ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వండి.

తుఫాను తర్వాత ముందు లైన్ లేపమంటారు. అలైన్‌మెంట్ చూసే టైమ్ ఎక్కడిది?

2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018లో తిత్లీ గజపతి కొండల్లో విరుచుకుపడినప్పుడు లైన్ లేవడం అంటే అంబులెన్స్ పిలవగలగడం, సహాయం అడగగలగడం. అలాంటప్పుడు 0.3 డీబీ జాయింట్ అయినా సరే, ముందు కలపండి. కరిగించకుండా గాడిలో బిగించే మెకానికల్ స్ప్లైస్ వాడటం కూడా తప్పు కాదు, కరెంటు అక్కర్లేదు, నిమిషాల్లో అయిపోతుంది.

రెండు విషయాలు మాత్రం ఆ తొందరలోనూ వదలకూడదు. ఒకటి, తెగిన చోటు నుంచి రెండు వైపులా కొన్ని మీటర్లు కోసి పారేయండి. లాగుడుకు గురైన ఫైబర్‌లో కనిపించని చీలికలుంటాయి, నీళ్లు కూడా ట్యూబులో లోపలిదాకా పాకి ఉంటాయి. దాన్ని ఎంత సూటిగా అతికించినా నెలల తర్వాత విరుగుతుంది. రెండు, ప్రతి తాత్కాలిక జాయింట్‌కు క్లోజర్ మీద తేదీ, ఫైబర్ నంబర్లు, "తాత్కాలికం" అని చెరిగిపోని పెన్నుతో రాయండి. నీళ్లు తగ్గాక తిరిగొచ్చి సరిగ్గా అతికించాల్సినవి ఏవో అప్పుడే తెలుస్తాయి. ఆ రాత లేక ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయిన తాత్కాలిక జాయింట్లు కొండ లైన్లలో చాలా ఉన్నాయి. ఈ విషయంలో నాకు చాలా పట్టుదల ఉంది.

## కనెక్టర్లు

ఫాస్ట్ కనెక్టర్‌లో మోటార్లు లేవు, కెమెరా లేదు. మరి అలైన్‌మెంట్ ఎవరు చేస్తారు?

మెషిన్ లేకుండా సైట్ మీదే ఫైబర్ కొనకు బిగించే కనెక్టర్ ఇది, ఇందులో ఆ పని గాడి, జెల్ చేస్తాయి. వీ ఆకారపు గాడిలోకి రెండు ఫైబర్లు వచ్చి ఎదురెదురుగా ఆనుతాయి, మధ్యలో గాజుకు సమానమైన వక్రీభవన గుణకం ఉన్న జెల్ ఉంటుంది. జెల్ వల్ల గాలి సందు పోతుంది, వెనక్కి తిరిగే కాంతి తగ్గుతుంది. కానీ గాడి కోర్‌ను చూడదు, బయటి గాజునే పట్టుకుంటుంది, ఫైబర్ లావులో తేడా ఉన్నా కోర్ పైకీ కిందకీ జరుగుతుంది. అందుకే 0.1, 0.2 డీబీ మామూలు, 0.3 వచ్చినా ఆశ్చర్యం లేదు. ఒకసారి బిగించి, తీసి, మళ్లీ బిగిస్తే జెల్‌లో దుమ్ము, గాలి చేరతాయి. రెండోసారి వాడకండి. ఎండ పడే పెట్టెల్లో కంటే ఇంటి లోపల వాడటమే మేలు.

పచ్చ కనెక్టర్‌ను నీలం దాంట్లో పెడితే దూరింది. లైట్ కూడా వస్తోంది. ఉంచేయనా?

తీసేయండి. నీలం అంటే యూపీసీ, కొన చదునుగా కాస్త ఉబ్బుగా ఉంటుంది. పచ్చ అంటే ఏపీసీ, కొన 8 డిగ్రీల వాలుగా ఉంటుంది. రెండూ ఆనవు, మధ్యలో గాలి మిగులుతుంది. కొన్ని డీబీలు పోతాయి, కొనలు గీసుకుంటాయి. టీవీ సిగ్నల్ ఉన్న లైన్లలో వాలు కొన పెట్టిందే వెనక్కొచ్చే కాంతి తిరిగి కోర్‌లోకి పోకుండా పక్కకు జారిపోవాలని, మీరు నీలం పెడితే ఆ ఉపయోగమే పోతుంది.

కొత్త ప్యాచ్ కార్డే, అయినా లాస్. ఎందుకు?

తుడవండి. ప్యాచ్ కార్డ్ అంటే రెండు చివరలా కనెక్టర్ ఉన్న పొట్టి తీగ. కనెక్టర్‌లో ఫైబర్‌ను 2.5 లేదా 1.25 మిల్లీమీటర్ల సిరామిక్ ఫెరూల్ (సన్న కడ్డీ) నడుమ పెట్టి, రెండు ఫెరూళ్లను ఒకే గొట్టంలోకి దూరుస్తారు. అలైన్‌మెంట్ ఫ్యాక్టరీలోనే అయిపోయింది. కానీ ఫెరూల్ పక్కన దుమ్ము ఉంటే గొట్టంలో వంకరగా కూర్చుంటుంది, కొన మీద ఉంటే 9 మైక్రాన్ల దారికి అడ్డం పడుతుంది. కొత్త కవర్‌లోంచి తీసినా సరే, తుడిచే పెట్టండి. కొనను కంటికి ఎదురుగా పెట్టి చూడకండి, ఆ కాంతి కంటికి కనపడదు, కంటిని మాత్రం దెబ్బతీయగలదు.

## కొలిచేటప్పుడు

ఓటీడీఆర్‌లో జాయింట్ దగ్గర లాస్ బదులు గెయిన్ కనిపిస్తోంది. జాయింట్ కాంతి పుట్టిస్తోందా?

లేదు. ఓటీడీఆర్ నేరుగా లాస్ కొలవదు, ఫైబర్ నుంచి వెనక్కి చెదిరివచ్చే కాంతిని చూస్తుంది. కాంతి పరుచుకునే వెడల్పు 9.2 మైక్రాన్లు ఉన్న ఫైబర్ తర్వాత 8.6 ఉన్న ఫైబర్ వస్తే, రెండోది ఎక్కువ కాంతిని వెనక్కి పంపుతుంది. తెర మీద 0.3 డీబీ దాకా పెరిగినట్టు కనిపిస్తుంది. అదే జాయింట్‌ను అటువైపు నుంచి కొడితే 0.3 డీబీ లాస్ చూపిస్తుంది. రెంటినీ కలిపి సగం చేస్తే అసలు లాస్ వస్తుంది: ఈ ఉదాహరణలో అలైన్‌మెంట్ సూటిగా ఉంటే 0.02 మాత్రమే. పాత, కొత్త కేబుళ్లు కలిసేచోట ఒక వైపు నుంచే కొట్టి, మంచి జాయింట్‌ను నాలుగైదుసార్లు కోసి పారేసేవాళ్లున్నారు. గెయిన్ చూసి సంతోషించి చెడ్డదాన్ని వదిలేసేవాళ్లూ ఉన్నారు. రాయగడ నుంచి ఒకసారి, గుణుపురం నుంచి ఒకసారి కొట్టాలంటే మనిషి ప్రయాణం చెయ్యాలి, నిజమే. కానీ ఇంకో దారి లేదు.

లాస్ అలైన్‌మెంట్ వల్లా, వంపు వల్లా అని ఎలా తెలుస్తుంది?

1310తో ఒకసారి, 1550తో ఒకసారి కొట్టండి. అలైన్‌మెంట్ తప్పితే రెండింట్లోనూ దాదాపు సమానంగా, 1310లో కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. ఒక మైక్రాన్ జరుగుడుకు 1310లో 0.2, 1550లో 0.16. వంపైతే 1310లో ఏమీ లేనట్టుండి 1550లో పెద్ద మెట్టు పడుతుంది. అలా కనిపిస్తే జాయింట్ కోయకండి, ట్రేలో చుట్ట చూడండి, ఎక్కడో ఫైబర్ ఇరుకుగా మడత పడి ఉంటుంది.

ఓటీడీఆర్ చెప్పిన దూరంలో తప్తపాణి ఘాట్‌లో తవ్వితే కట్ లేదు. వంద మీటర్లు అవతల దొరికింది.

అది చూపించేది ఫైబర్ పొడవు, రోడ్డు పొడవు కాదు. ట్యూబులో ఫైబర్ మెలికలు తిరిగి కేబుల్ కంటే కొంచెం పొడవుగా ఉంటుంది, ప్రతి క్లోజర్ దగ్గరా, స్తంభం దగ్గరా మిగులు చుట్ట ఉంటుంది. వక్రీభవన గుణకం సెట్టింగ్ కూడా కేబుల్ కాగితంలో ఉన్నదే పెట్టాలి, మామూలుగా 1.467 చుట్టుపక్కల ఉంటుంది. ఎక్స్ఛేంజ్ నుంచి కాకుండా కట్‌కు దగ్గరలో ఉన్న, మీకు తెలిసిన జాయింట్ నుంచి లెక్కించుకోండి, తేడా బాగా తగ్గుతుంది.

ఇంట్లో పవర్ -29 వస్తోంది, బాక్సు మీద ఎర్ర లైటు. ఏ జాయింట్ తప్పు?

ఇంట్లో పెట్టే సాధారణ జీపాన్ బాక్సుకు (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతిది) -27 డీబీఎం పవర్ దాకానే వినిపిస్తుంది, అంతకంటే తగ్గితే వినిపించదు. వెనక్కి నడుచుకుంటూ ప్రతి చోటా మీటరు పెట్టండి. కాంతిని ఎనిమిది దార్లకు పంచే 1:8 స్ప్లిటర్ సుమారు 10.5 డీబీ, 1:32 అయితే 17 డీబీ దాకా తినడం సహజం. లెక్కకు మించి ఎక్కడ పడిందో అక్కడే తప్పు. ముందు కనెక్టర్లు తుడిచి చూడండి, చాలా కేసులు అక్కడే తేలిపోతాయి.

## ల్యాబ్ బెంచ్ మీద

మాది ఫిజిక్స్ ప్రాజెక్టు. రెండు ఫైబర్లను త్రీ యాక్సిస్ స్టేజి మీద కలపాలి. గంటసేపు తిప్పినా మీటర్‌లో ఏమీ రావడం లేదు.

దగ్గరగా పెట్టి వెతుకుతున్నారు, అందుకే రావడం లేదు. కొనలు దాదాపు ఆని ఉన్నప్పుడు 10 మైక్రాన్లు తప్పితే వందో వంతు కాంతి కూడా అందదు. రెండోదాన్ని అర మిల్లీమీటరు వెనక్కి లాగండి. అక్కడికి కాంతి పది రెట్ల వెడల్పుకు పరుచుకుంటుంది. పవర్ తక్కువే అయినా దొరుకుతుంది. దొరికాక అడ్డం, నిలువు మార్చి మార్చి శిఖరానికి తెచ్చి, కొంచెం దగ్గరకు జరిపి, మళ్లీ అడ్డం నిలువు చూసుకుంటూ రండి. స్క్రూ ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి తిప్పి ఆపండి, వెనక్కి తిప్పితే మరలో ఉన్న ఖాళీ మిమ్మల్ని మోసం చేస్తుంది.

శిఖరం దొరికింది, టీ తాగి వచ్చేసరికి పోయింది.

వేడి. 10 సెంటీమీటర్ల స్టీలు స్తంభం ఒక్క డిగ్రీకి 1.2 మైక్రాన్లు పెరుగుతుంది, అల్యూమినియం అయితే 2.3. ఫ్యాన్ ఆపండి, ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి, రెండు స్తంభాలూ ఒకే లోహంతో, ఒకే ఎత్తులో పెట్టండి. అప్పుడు రెండూ కలిసి పెరుగుతాయి.

పోలరైజేషన్ నిలిపే పాండా ఫైబర్‌కు ఇంకా ఏం చూడాలి?

తిప్పడం. అడ్డం, నిలువు, వంపు సరిపోయినా ఫైబర్ తన చుట్టూ తాను తిరిగి ఉంటే పోలరైజేషన్ (కాంతి తరంగం ఊగే దిక్కు) కలుషితమవుతుంది. ఒక డిగ్రీ తేడాకు ఎక్స్‌టింక్షన్ (కావలసిన, అక్కర్లేని పోలరైజేషన్ల మధ్య తేడా) 35 డీబీకి, అయిదు డిగ్రీలకు 21 డీబీకి పరిమితమవుతుంది. కొన వైపు నుంచి చూస్తే రెండు కళ్లలా కనిపించే ఒత్తిడి కడ్డీలను వరసకు తేవాలి.

అంతా సరిచేసి యూవీ జిగురు వేశాను. ఆరాక పవర్ సగానికి పడిపోయింది.

జిగురు గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది, మందంగా ఉన్న వైపుకు ఫైబర్‌ను లాగుతుంది. ఫైబర్‌కు ఫైబర్ అయితే సుమారు 3.8 మైక్రాన్లు జరిగితే సగం పోయినట్టే, అంత లాగడం జిగురుకు పెద్ద పని కాదు. చుక్క చిన్నదిగా, పొర పలచగా, రెండు పక్కలా సమానంగా ఉండాలి. యూవీ దీపం ఒక వైపు నుంచే కాకుండా రెండు వైపుల నుంచీ, మొదట తక్కువ వెలుతురుతో మొదలుపెట్టి పెంచండి. ఆరుతున్నంతసేపూ మీటరు చూస్తూ ఉండండి. మొదటి కొన్ని సెకన్లలోనే అంకె పడటం మొదలైతే దీపం ఆపి, స్టేజితో సరిచేసి, మళ్లీ వేయండి. పూర్తిగా గట్టిపడ్డాక సరిచేయడానికి ఉండదు, కోసి కొత్త కొనతో మొదలుపెట్టాలి.